లోయకు అడ్డంగా బండల గుట్ట: "భూకంపం వల్లే పడింది" అని ఎప్పుడు రాయొచ్చు?

లోయగట్టు:
హిమాలయ లోయ ఒకదానికి అడ్డంగా పెద్ద బండల గుట్ట ఉంది. దాని ఎగువన పాత సరస్సు అడుగు ఒండ్రు పొరలు, ఎదురు కొండ మీద గిన్నెతో తోడేసినట్టు ఒక మచ్చ. ఒకే ఒక బండకు బెరీలియం-10 పద్ధతిలో (కాస్మిక్ కిరణాలు తగిలి రాతిలో పుట్టే బెరీలియం-10ను కొలిచి, బండ ఎన్నాళ్లుగా బయట ఉందో లెక్కకట్టడం) వయసు తీశారు: సుమారు ఎనిమిది వేల ఏళ్లు, అటూ ఇటూ ఆరు వందలు. నివేదిక ముసాయిదాలో మాత్రం "ప్రాచీన భూకంపం వల్ల జరిగిన రాక్ ఎవలాంచ్ (కొండ రాయి పెద్దఎత్తున విరిగి, నలిగి, వేగంగా పారడం)" అని తేల్చేశారు. ఇంత పెద్దది ఊరికే పడదు కదా అన్నది తప్ప వేరే ఆధారం చూపలేదు.

మూడు సందేహాలు. ఇది హిమానీనదం మోసుకొచ్చి వదిలిన రాళ్ల గుట్ట (మొరైన్) కాదని ఎలా తేల్చాలి? ఒక్క బండ వయసు చాలా? భూకంపం అనాలంటే ఇంకేం చూపాలి?

నాపరాయి:
మొదటిదానికి జవాబు గుట్ట పైన దొరకదు, లోపలే దొరుకుతుంది. పైన ఎటు చూసినా ఇల్లంత బండలే కాబట్టి మొరైన్ అనో మామూలు కొండరాళ్లనో అనిపిస్తుంది. ఏరు కోసిన గట్టు ఎక్కడుందో వెతికి అక్కడ నిలబడండి. రాక్ ఎవలాంచ్ అయితే లోపలి రాయి పిండి దాకా నలిగిపోయి ఉంటుంది, కానీ చెదిరిపోదు. కింద పడి పగిలిన కుండ పెంకుల్లా ముక్కల అంచులు ఒకదానికొకటి అతుకుతాయి. పై మచ్చలో రాతి పట్టీలు ఏ వరుసలో ఉన్నాయో, నలిగిన గుట్టలోనూ దాదాపు అదే వరుస ఉంటుంది. మొరైన్‌లో ఇది కుదరదు. అందులో ఎగువ లోయల నుంచి వచ్చిన రకరకాల రాళ్లు కలిసిపోతాయి, అంచులు అరిగి ఉంటాయి, కొన్నిటి మీద గీతలు పడి ఉంటాయి.

మచ్చకు ఎదురుగా ఉన్న గట్టు కూడా చూడండి. వేగంగా వచ్చిన రాశి అవతలి వాలు మీదికి ఎగబాకుతుంది. మచ్చ ఉన్న కొండ రాయే అవతలి వాలు మీద ఎత్తున కనిపిస్తే అది బలమైన గుర్తు.

పొరపడితే సిగ్గుపడాల్సిన పని లేదు. కారకోరంలో మొరైన్లుగా మ్యాపుల్లోకెక్కిన గుట్టలు చాలానే తర్వాత రాక్ ఎవలాంచ్‌లని తేలాయి. హిమాచల్ ప్రదేశ్‌లో లాహుల్ వైపు కేలాంగ్ సెరాయ్ గుట్టనూ మొదట మొరైన్ అనే అనుకున్నారు. దాని వయసు సుమారు 7,500 ఏళ్లు. ఆస్ట్రియాలోని క్యోఫెల్స్ దగ్గర జారిన రాయి రాపిడి వేడికి కరిగి గాజైతే, ఆ గాజును చూసి ఉల్క పడిందని వాదించినవాళ్లూ ఉన్నారు!

ఒక చిక్కుంది. రాశి హిమానీనదం మీద పడితే మంచు దాన్ని మోసుకుపోయి, కరిగిన చోట మొరైన్ రూపంలో దించుతుంది. 1964 అలాస్కా భూకంపంలో షెర్మన్ హిమానీనదం మీద పడిన రాతి దుప్పటి ఆ ప్రయాణంలోనే ఉంది. అలాంటి చోట లోపలి పరీక్ష కూడా తికమక పెడుతుంది.

పలుగురాయి:
వయసు సంగతి. ఒక్క బండతో ఏదీ తేలదు. కనీసం ఐదారు బండలు కావాలి. చుట్టూ నేలకన్నా మీటరున్నర పైకి లేచినవి, కదలకుండా పాతుకున్నవి, పైభాగం చదునుగా ఉన్నవి ఎంచుకోండి. అంచున కాకుండా పైభాగం మధ్యలో, పై రెండు మూడు సెంటీమీటర్ల మందమే ఉలితో తీయాలి. ఎంత మందం తీశారో అక్కడే కొలిచి రాసుకోవాలి. ఆ చోట నిలబడి చుట్టూ కొండల అంచులు ఎంత కోణంలో ఆకాశాన్ని కప్పేస్తున్నాయో క్లైనోమీటర్‌తో చూడాలి. ఇరుకు లోయలో ఆ సవరణ చేయకపోతే బండ అసలుకన్నా చిన్న వయసు చూపిస్తుంది. క్వార్ట్జ్ ఉన్న రాయికి బెరీలియం-10, సున్నపురాయికి క్లోరిన్-36.

తప్పులు రెండు వైపులా జరుగుతాయి. పడకముందే కొండ ముఖాన బయటికి కనిపించిన బండైతే, అప్పటికే కాస్మిక్ కిరణాలు తిని ఉంటుంది కాబట్టి ముసలిదిగా తేలుతుంది. పడ్డాక దొర్లినా, ఏటా నెలల తరబడి మంచు కింద ఉన్నా, పైపొర ఊడిపోయినా పడుచుదిగా తేలుతుంది. ఐదింట్లో ఒకటి తేడాగా వస్తే దాన్ని పక్కన పెట్టొచ్చు. ఒక్కటే తీస్తే అదే ఆ తేడాగలదేమో ఎవరికి తెలుసు?

ఆ ఆరు వందల తేడా మాటకొస్తే, ముందూ వెనకా కలిపి పన్నెండు వందల ఏళ్ల కిటికీ అది. హిమాలయంలో అంత కాలంలో పెద్ద భూకంపాలు ఒకటికన్నా ఎక్కువే పడతాయి. ఏదో ఒకదానితో వయసు "సరిపోవడం" ఆధారం కాదు, కాకతాళీయం.

ఎగువ సరస్సు అడుగు పొర వయసు కూడా తీయించండి. కాకపోతే అది కనీస వయసే. గుట్ట పడ్డాకే నీళ్లు నిలుస్తాయి కాబట్టి పడిన రోజు అంతకన్నా వెనక్కే ఉంటుంది.

ఎత్తుపల్లం:
"ఇంత పెద్దది ఊరికే పడదు" అన్న వాక్యం ముందు కొట్టేయండి. స్విట్జర్లాండ్‌లో ఎల్మ్ (1881): స్లేటు గని కొండ కాలు తవ్వేసింది, కోటి ఘనపు మీటర్లు పడింది. కెనడాలో ఫ్రాంక్ (1903): మూడు కోట్ల ఘనపు మీటర్లు. పాకిస్తాన్‌లోని హుంజాలో అట్టాబాద్ (2010), మన చమోలీ (2021, సుమారు 2.7 కోట్ల ఘనపు మీటర్ల రాయి, మంచు). వీటిలో ఒక్కదానికీ భూకంపం అక్కర్లేకపోయింది.

భూకంపం దించినవీ ఉన్నాయి. తజికిస్తాన్‌లోని పామీర్ కొండల్లో 1911 ఫిబ్రవరి 18న ఉసోయ్ దగ్గర రెండు ఘన కిలోమీటర్ల కొండ జారి ముర్గాబ్ నదిని ఆపేసింది, వెనక సారెజ్ సరస్సు నిలిచింది. నాటి సీస్మోగ్రాఫుల్లో నమోదైన అలలు ఆ కొండ పడటం వల్లే పుట్టాయని రష్యా భూకంప శాస్త్రవేత్త గలిత్సిన్ వాదించాడు. తర్వాత శక్తి లెక్కలు చూస్తే భూకంపంతో పోలిస్తే కొండ పాటు శక్తి చాలా చిన్నదని తేలింది. తేదీ, సీస్మోగ్రాఫు ఉన్న చోటే ఇంత తర్జనభర్జన జరిగితే ఎనిమిది వేల ఏళ్ల నాటి గుట్ట సంగతి చెప్పాలా?

గుట్టతో సంబంధం లేని సాక్ష్యం కావాలి. చుట్టుపక్కల లోయల్లో అదే వయసు జారుడులు ఇంకా ఉన్నాయా? దగ్గరి సరస్సుల అడుగున, ఒకదానికొకటి కలవని రెండు మూడు చోట్ల, ఒకే కాలంలో ఒండ్రు జారిన పొరలు ఉన్నాయా? ఫాల్ట్ (భూకంపంలో నేల కదిలే పగులు) మీద కందకం తవ్వితే ఆ కాలపు చీలిక కనిపిస్తోందా? తూర్పు ఆల్ప్స్‌లో పని ఇలాగే జరిగింది. సుమారు 4,100, 3,000 ఏళ్ల నాటి జారుడుల గుంపులు సరస్సుల్లోని భూకంప పొరలతో కాలంలోనూ చోటులోనూ కలిశాయి. సరస్సు సాక్ష్యం లేకుంటే వానలు ముదిరిన కాలం కూడా అలాంటి గుంపునే తెస్తుంది కదా అన్న వాదన అలాగే మిగిలేది.

ఆ పనిలో నాకు నచ్చింది ఇంకొకటి. అంతకు ముందు వచ్చిన భూకంపాల వరుస ఆ వాలులను కొద్దికొద్దిగా బలహీనం చేసి ఉంటుందని వాళ్ల నిర్ధారణ. అంటే కొండను పగుళ్లు పట్టించేది ఒకటి, చివరికి దించేది ఇంకొకటి కావచ్చు. ముసాయిదాలో ఈ రెంటినీ కలిపేసినట్టున్నారు.

మచ్చ ఎక్కడ మొదలైందో కూడా రాయండి. శిఖరం అంచున అదురు పెరుగుతుంది కాబట్టి భూకంపపు జారుడులు అక్కడ ఎక్కువ. వాలు కాలు దగ్గర నది కోసిందంటే అనుమానం నది వైపు. ఇది మొగ్గు మాత్రమే, రుజువు కాదు.

లోయగట్టు:
అయితే ఇప్పటికి ఏమని రాయాలి? ఇంకోటి, ఏటి గట్టులో నలిగిన రాతి అడుగున మాను ముక్క ఒకటి బయటికి పొడుచుకొచ్చి ఉంది. పనికొస్తుందా?

పలుగురాయి:
"రాక్ ఎవలాంచ్ నిక్షేపం, కారణం తేలలేదు, భూకంపానికి అవకాశం ఉంది" అని రాయండి. అదీ లోపలి కోత చూశాకే.

మాను దొరికితే ఐదు బండలకన్నా అదే మేలు, అందులోని కార్బన్‌తో (రేడియోకార్బన్ పద్ధతి) వయసు తీయొచ్చు. బెరడు ఉంటే దాన్ని ఆనుకున్న చివరి వలయాలు తీయండి. నడుమ భాగం చెట్టు బతికినన్నేళ్లు పాతదిగా వస్తుంది, రెండు మూడు వందల ఏళ్ల తేడా అక్కడే పడిపోవచ్చు. చేత్తో తాకకుండా శుభ్రమైన కత్తితో కోసి అల్యూమినియం రేకులో చుట్టండి. కాగితం, దూది, గుడ్డ వద్దు, వాటి పోగులు కూడా కార్బనే. తడిగా ఉంటే చల్లగా ఉంచి త్వరగా పంపండి, బూజు పడితే కొత్త కార్బన్ చేరుతుంది. తీసే ముందు స్కేలు పెట్టి ఫొటో తీయండి: మాను నలిగిన రాతి కింద నొక్కుకుని ఉందా, తర్వాత ఏరు తెచ్చి ఇరికించిందా అన్నది ఆ ఫొటోలోనే తెలియాలి.