డ్రాగన్‌ని చంపనివాడు హీరో ఎలా అయ్యాడండీ?

పంటు ప్రయాణికుడు, సఖినేటిపల్లి:
రోజూ పంటు మీద వశిష్ఠ గోదావరి దాటి నరసాపురం కాలేజీకి వెళ్తానండి. రేవులో పంటు కోసం కాసుకునే టైములోనే ‘ద హాబిట్’ పూర్తిచేశాను. 1937లో వచ్చిన టోల్కీన్ నవల. 1949లో పురాణకథల పండితుడు జోసెఫ్ క్యాంప్‌బెల్ చెప్పిన ‘వీరుడి ప్రయాణం’ (ఇల్లు వదిలి, సాహసం చేసి, తిరిగి రావడం) మెట్లు ఇందులో చూపించమని మేడమ్ సెమినార్ ఇచ్చారు. మొదట్లో భేషుగ్గా కుదిరింది. మాంత్రికుడు గాండాల్ఫ్ వచ్చి సాహసయాత్రకి పిలిచాడు. కథానాయకుడు బిల్బో సాహసాలూ గీహసాలూ వద్దుబాబోయ్, రేపు టీకి రండి అని తలుపేసుకున్నాడు. ఆ టీ అయిన మర్నాడేమో చేతిరుమాలు కూడా మర్చిపోయి పరుగెత్తాడు.

చివర్లోనే తిరకాసు. డ్రాగన్ స్మాగ్‌ని చంపింది బార్డ్ అనే విలుకాడు. అంతకుముందు కథలో ఆయన పేరే లేదు! పెద్ద యుద్ధంలో మనవాడు తలకి రాయి తగిలి పడిపోయాడు. వీణ్ణి ఏ మెట్టు మీద కూర్చోబెట్టమంటారు?

అరుగు మీద అమ్మమ్మ, రామచంద్రపురం:
బాబూ, రాక్షసుడి ప్రాణం మర్రిచెట్టు తొర్రలో చిలకలో ఉంటుందని చిన్నప్పుడు వినలేదూ? ఆ చిలక ఎక్కడుందో కనుక్కోడమే అసలు కష్టం. పీక నులమడానికెంతసేపు? స్మాగ్ ఎడమ రొమ్ము మీద రక్షణ లేని చోటు చూసింది బిల్బోయే. అతను చెబుతుంటే విన్న పిట్ట వెళ్ళి బార్డ్ చెవిన వేసింది. బాణం మాత్రమే బార్డ్‌ది.

కువైట్ బాబాయి, అమలాపురం దగ్గర:
ఆయ్, అమ్మగారు బాగా చెప్పారు. నేనింకో మాటంటాను. డ్రాగన్ కనపడకముందే, దాని గుహకి పోయే సొరంగంలో గురక విని బిల్బో ఒక్క క్షణం ఆగి మళ్ళీ అడుగేశాడు చూడు, అతను చేసినవాటిలో అదే గొప్ప ధైర్యమని రచయితే చెప్పాడు. తోడెవరూ లేరక్కడ. తర్వాత యుద్ధం ఆపుదామని ఆర్కెన్‌స్టోన్ అనే మణిని పట్టుకెళ్ళి అవతలివాళ్ళ చేతిలో పెట్టాడు. తన జట్టు నాయకుడు థోరిన్ అతన్ని కోట మీంచి తోసేయబోయాడు కూడానూ.

నాకు మాత్రం బిల్బో ఇంటికి రావడమే నచ్చింది. పోయాడనుకుని సామానంతా వేలం వేస్తున్నారు, తన కుర్చీలు తనే కొనుక్కున్నాడు! తొమ్మిదేళ్ళు కువైట్‌లో డ్రైవరుగా చేసి వచ్చానమ్మా నేను. నా మడతమంచం మా బావ వాళ్ళ వీధరుగు మీద ఉంది. అడిగితే “నీదా ఇది?” అన్నాడు. క్యాంప్‌బెల్‌గారు తిరిగి రావడాన్నీ మెట్లలో లెక్కేశాడు కదా, మీ మేడమ్‌తో అదే గట్టిగా చెప్పు.

పంటు ప్రయాణికుడు:
అమ్మమ్మగారి చిలక ఖాయమండి, సెమినార్ దాంతోనే మొదలెడతాను. బాబాయ్, మేడమ్ మొత్తం పదిహేడు మెట్లూ కావాలంటున్నారు. కొన్నిటికి ఈ పుస్తకంలో ఏమీ దొరకట్లేదు.

కువైట్ బాబాయి:
లేనివి లేవని రాసెయ్, మార్కులు పోతే పోయాయి. టోల్కీనేమన్నా ఆ లిస్టు ముందెట్టుకుని రాశాడా, పన్నెండేళ్ళ తర్వాత వచ్చిందది!

పంటు ప్రయాణికుడు:
సరేనండి. ఇంతకీ మంచం ఇచ్చారా?

కువైట్ బాబాయి:
బిల్బోకి ఆ మాయమైపోయిన వెండి చెంచాలు దొరికాయా?