ల్యుకేమియా రోగి కేర్ ప్లాన్‌లో ‘అవకాశం’ సరైన మాటేనా?

ప్రశ్న: గుంటూరులో నర్సింగ్ విద్యార్థుల కోసం తెలుగులో నోట్సు రాస్తున్నాను. ల్యుకేమియా (రక్త క్యాన్సర్) రోగి కేర్ ప్లాన్‌లో, అంటే నర్సు రాసుకునే సంరక్షణ ప్రణాళికలో, ‘రిస్క్ ఫర్ ఇన్ఫెక్షన్’ను ‘ఇన్ఫెక్షన్ సోకే అవకాశం’ అనవచ్చా? రోగి సమస్యను నర్సు గుర్తించి రాసే నర్సింగ్ డయాగ్నసిస్‌ను ‘రోగ నిర్ధారణ’ అంటే సరిపోతుందా?

జవాబు: ‘అవకాశం’ వద్దు, ‘ముప్పు’ అనండి. తుఫాను ముప్పు అంటే ఇంకా రాలేదని, వచ్చేలోపే జాగ్రత్త పడాలని మన కోస్తాలో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. రిస్క్ డయాగ్నసిస్ భావం సరిగ్గా అదే. అందుకే అందులో లక్షణాలు రాయరు, ముప్పుకు కారణాలే రాస్తారు. న్యూట్రోఫిల్స్ (క్రిములతో పోరాడే తెల్లకణాలు) తగ్గిన రోగికి జ్వరం 101 డిగ్రీల ఫారన్‌హీట్ చేరిందంటే, దాన్ని ముప్పు కింద రాసి ఊరుకోకుండా వెంటనే డాక్టరుకు తెలియజేయాలి.

విద్యార్థులు ఎక్కువగా తడబడేది తెల్లకణాల దగ్గర. రిపోర్టులో మైక్రోలీటరుకు 80,000 అని కనిపించగానే రోగికి రక్షణ బాగా ఉందనుకుంటారు గాని, అక్యూట్ (వేగంగా ముదిరే) ల్యుకేమియాలో అవి చాలావరకు ఎముక మూలుగ నుంచి పచ్చిగా బయటపడిన బ్లాస్ట్ కణాలు, క్రిములతో పోరాడలేనివి. చూడవలసింది న్యూట్రోఫిల్స్ సంఖ్య. అది మైక్రోలీటరుకు 500 కన్నా తగ్గితే ముప్పు తీవ్రం. అప్పుడు పుండు దగ్గర చీము కూడా సరిగా పట్టదు కాబట్టి చీము కోసం ఎదురుచూడకూడదని నోట్సులో తప్పక రాయండి.

‘రోగ నిర్ధారణ’ డాక్టరు చేసేది. మీరు ‘నర్సింగ్ నిర్ధారణ’ అనండి. అందులో కారణంగా జబ్బు పేరు పెట్టకుండా, ‘ప్లేట్‌లెట్లు తగ్గినందున రక్తస్రావ ముప్పు’ అన్నట్టు రాస్తే చేయవలసిన పని అక్కడే తెలుస్తుంది: మెత్తని బ్రష్ ఇవ్వడం, కండకు ఇంజెక్షన్లు మానడం, కాళ్ల మీద సూదిమొనంత ఎర్రటి చుక్కలు లేచాయేమో రోజూ చూడడం.

అనుబంధ ప్రశ్న: ‘ఫటీగ్’ను ‘అలసట’ అని రాశాను. సరేనా?

జవాబు: నాకు ‘నీరసం’ మేలనిపిస్తుంది. అలసట కాసేపు పడుకుంటే తీరుతుంది. ఈ రోగులది నిద్ర లేచినా తీరనిది, వాళ్లు కూడా ‘నీరసంగా ఉందమ్మా’ అనే చెబుతారు. ఇది ముప్పు కాదు, ఇప్పటికే ఉన్న సమస్య. కనుక హిమోగ్లోబిన్ తగ్గడం వంటి కారణంతో పాటు రోగి చెప్పిన మాటను కూడా ఆధారంగా చేర్చాలి. వరుసలో మాత్రం దీనిని ఇన్ఫెక్షన్, రక్తస్రావ ముప్పుల తరువాతే ఉంచండి.