భీమిలి డచ్ సమాధి మీది డాలు గుర్తు ఏ కుటుంబానిది?

వైజాగ్ నుంచి రెండుసార్లు వెళ్లి చూశాను. భీమిలి డచ్ సమాధుల్లో ఒక రాతి మీద డాలు ఆకారంలో వంశచిహ్నం చెక్కి ఉంది. లోపల మూడు పక్షులు, పైన శిరస్త్రాణం. కింద పేరు అరిగిపోయింది, సంవత్సరంలో 17 మాత్రమే మిగిలింది.

సాయంత్రం ఐదున్నరకి టార్చి పక్కనుంచి కొట్టి ఫొటోలు తీశాను. రాయి పాడవుతుందని సుద్ద పూయలేదు. ఆ ఫొటోతో ఫోన్‌లో వెతికితే పావురాల బొమ్మలొచ్చాయి! రీట్‌స్టాప్ కూర్చిన ‘ఆర్మోరియల్ జనరల్’ అనే వంశచిహ్నాల నిఘంటువు కూడా తిరగేశాను. అదేమో ఇంటిపేర్ల అక్షరక్రమంలో ఉంది, నాకు తెలియనిదే ఇంటిపేరు. నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో 1883 నుంచి ఉన్న వంశావళి, వంశచిహ్నాల సొసైటీకి రాయాలనుంది, కానీ ఇంత తక్కువ వివరంతో రాయడానికి మొహమాటంగా ఉంది.

ఇంటిపేరు తెలియకపోయినా, డాలు మీది బొమ్మను బట్టి కుటుంబాన్ని వెతికే సూచిక ఏదైనా ఉందా?