న్యూజెర్సీ తెలుగువాళ్ళ సెప్టెంబరు పిక్నిక్: జాతర సెట్‌లో ఎలుగుబంటి ఐటమ్ సంగతి తేల్చాలి

స్టేజీ టీమ్: అందరికీ నమస్తే. ఇంక మూడు వారాలే ఉంది. "మన ఊరి జాతర" సెట్‌కి ఖాయమైనవి గంగిరెద్దు, బుడబుక్కలవాడు, సోదమ్మ, చిలక జోస్యం, ఎలుగుబంటిని ఆడించేవాడు. ఎలుగు డ్రెస్ ఆన్‌లైన్‌లో వచ్చేసింది, లోపల దూరేది మా పెద్దాడు, మూతికి తాడు కట్టి ఆడించేది నేను. డమరుకం ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి.

పిల్లల ప్రోగ్రామ్: అన్నా, ఆ ఒక్క ఐటమ్ మార్చుకుందామా? చిన్నప్పుడు మా వీధిలోకి ఎలుగుబంటి వచ్చినప్పుడు నన్నూ దాని మీద ఎక్కించారు, దడుపు జ్వరం రాకుండా దాని వెంట్రుకలు తాయెత్తులో పెట్టి కట్టారు, అందుకని నాకూ అదొక తీపి జ్ఞాపకమే. డమరుకానికి అది ఆడుతోందనుకున్నా అప్పుడు. తర్వాత తెలిసింది, తల్లిని చంపి పిల్లని ఎత్తుకొస్తారు, మత్తుమందు ఏమీ లేకుండా కాల్చిన సూదితో మూతికి బెజ్జం వేసి తాడు దూరుస్తారు, కోరలు విరగ్గొడతారు. ఆ పుండు మీద తాడు గుంజితే నొప్పి తట్టుకోలేక రెండు కాళ్ళ మీద లేస్తుంది. మనం చప్పట్లు కొట్టింది దానికి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక కూడా ముప్పై ఏళ్ళకు పైగా ఇది రోడ్ల మీద నడిచిందంటే చూడండి.

స్టేజీ టీమ్: వేషమే కదా అక్కా, నిజం ఎలుగు కాదుగా! అలా అంటే గంగిరెద్దుకీ ముక్కుతాడు ఉంటుంది, అదీ తీసేద్దామా? ఇలా ఒక్కోటీ తీసేస్తూ పోతే చివరికి జాతరలో పుల్లైస్ ఒక్కటే మిగులుతుంది.

పిల్లల ప్రోగ్రామ్: గంగిరెద్దు మాట నిజమే, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఎద్దు ఇంట్లో పుట్టి పెరిగింది, ఎలుగు అడవిది, అంతవరకు తేడా. మన గంగిరెద్దు ఎలాగూ దుప్పటి కప్పుకున్న ఇద్దరు కుర్రాళ్ళే కాబట్టి ముక్కుతాడు లేకుండానే తెద్దాం. కానీ ఇక్కడి పిల్లలు మూతికి తాడున్న ఎలుగుని మొదటిసారి మన స్టేజీ మీద నవ్వుతూ చూడటం నాకు నచ్చలేదు.

సెట్ డెకరేషన్: ఒక మాట, ఆడించేవాణ్ణి మాత్రం రాక్షసుణ్ణి చేయొద్దు. ఎలుగుల్ని ఆడించే కలందర్లకి తాతల నాటి నుంచి అదే బతుకు, తినడానికి వేరే దారి లేదు. వైల్డ్‌లైఫ్ ఎస్ఓఎస్ అని జంతువుల్ని కాపాడే సంస్థ వాళ్ళు 2002లో మొదలుపెట్టి ఎలుగుని అప్పగించిన కుటుంబానికి వేరే పని పెట్టుకోవడానికి డబ్బు, శిక్షణ ఇచ్చారు, వాళ్ళ పిల్లల్ని బడిలో వేశారు. 600కి పైగా ఎలుగులు బయటపడ్డాయి, 2009 డిసెంబరులో చివరిదాన్ని బెంగళూరు దగ్గర బన్నేరుఘట్ట తెచ్చారు. ఒట్టి కేసులు పెట్టి ఊరుకుంటే ఆడించడం ఆగేది కాదని నా అభిప్రాయం.

ట్రెజరర్: అయితే ఈసారి రాఫెల్ (లక్కీ డ్రా) డబ్బులు వాళ్ళకే పంపుదాం. ఆగ్రా దగ్గర ఇంకా చాలా ఎలుగుల్ని పోషిస్తున్నారు, కోరలు లేనివాటిని మళ్ళీ అడవిలో వదల్లేరు కదా. అమెరికాలో కూడా రిజిస్టరై ఉన్నారు, కాబట్టి మనం ఇచ్చినదానికి ఆఫీసు వాళ్ళూ కలిపే మ్యాచింగ్ పెట్టుకోవచ్చు. వియత్నాం, చైనాల్లో మందుకి వాడే పిత్తరసం కోసం ఎలుగుల్ని బోనుల్లో పెట్టే సంగతి కూడా పోస్టర్ మీద రెండు ముక్కలు రాయండి. అందులోని మందుని ల్యాబుల్లో తయారుచేయడం ఎప్పుడో వచ్చింది, అయినా ఆ బోనులు ఇంకా ఉన్నాయి. ఫొటోలు వద్దు బాబూ, పక్కనే భోజనాలు.

భోజనాల టీమ్: మీరు వేషాల దగ్గరే ఆగిపోయారు, మనం వెళ్ళేది ససెక్స్ కౌంటీకి, అక్కడ నిజం ఎలుగులే తిరుగుతాయి! సెప్టెంబరులో చలికాలానికి కొవ్వు పట్టాలని రోజంతా తిండి వెతుక్కుంటూనే ఉంటాయి. పోయినసారి చెట్ల కింద వదిలేసిన విస్తళ్ళు, బొబ్బట్ల డబ్బాలు నేనే ఏరాను, మర్చిపోలేదు. న్యూజెర్సీలో నల్ల ఎలుగులకి తిండి పెడితే వెయ్యి డాలర్ల దాకా జరిమానా. అంతకంటే పెద్ద బెడద, మనుషుల తిండికి అలవాటు పడ్డ ఎలుగు జనం మీదికి వస్తే దాన్ని చంపేస్తారు. కాబట్టి వడ్డన అవగానే గిన్నెలన్నీ కార్లలోకి, అద్దాలు ఎక్కించి. పార్కులో చెత్త డబ్బాలు ఉండవు, సంచులు వెనక్కి తేవాలి. ఎవరి డిక్కీలో?

పిల్లల ప్రోగ్రామ్: రెండు సంచులు మా వ్యాన్‌లో. అన్నా, డ్రెస్ వేస్ట్ కాదు, తాడు తీసేసి కిరీటం పెడితే జాంబవంతుడు! సముద్రం ఒడ్డున హనుమంతుడికి తన బలం గుర్తు చేసే సీను, మూడు నిమిషాలు చాలు. మీరే హనుమంతుడు.

స్టేజీ టీమ్: ఈ పొట్టతోనా? సరే, తాడు తీసేశా. జాంబవంతుడికి డైలాగులు ఉంటాయా అని పెద్దాడు టెన్షన్ పడుతున్నాడు, నాలుగు లైన్లు మించకుండా ఇంగ్లీషు అక్షరాల్లో రాసి పంపు అక్కా, వాడికి తెలుగు చదవడం రాదు.

భోజనాల టీమ్: మిగతా సంచులో?