క్లాన్ వదిలేటప్పుడు "వెళ్లొస్తాను" అనవచ్చా?

ప్రశ్న

ఫోనులో ఆరేళ్లుగా ఆడుతున్న క్లాష్ ఆఫ్ క్లాన్స్ ఆట మానేస్తున్నాను. గొడవలేమీ లేవు. పాప పుట్టింది. రాత్రి రెండింటికి లేచేది ఇప్పుడు పాలసీసా కోసం, ఆటలో యుద్ధం కోసం కాదు. మా క్లాన్‌లో, అంటే ఆటలోని మా జట్టులో, 50 మందిమి, ఆట అంతకుమించి ఒప్పుకోదు. తెనాలి, సిద్దిపేట, బళ్లారి, డాలస్... మాకు రాత్రయితే డాలస్ వాళ్లకు పగలు. ఇద్దరిని తప్ప ఎవరినీ ఎదురుగా చూసింది లేదు. కానీ ఎవరి ఇంట్లో ఎప్పుడు కరెంటు పోతుందో కూడా తెలుసు.

చాట్‌లో చివరి సందేశం రాద్దామని కూర్చుని మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. "వెళ్లొస్తాను" అని రాసి చెరిపేశాను. రానని తెలిసీ వస్తానని ఎలా అనను? "వెళ్లిపోతున్నాను" అంటే ఎవరి మీదో అలిగినట్టుంది. "సెలవు" ఉత్తరం అడుగున సంతకానికి పైన పెట్టే మాటలా ఉంది. "వీడ్కోలు" పత్రికల్లో క్రికెటర్లకు రాసిచ్చేశారు. ధోనీ 2020 ఆగస్టు 15న, 19:29 నుంచి తాను రిటైరైనట్టేనని ఒక్క వాక్యంలో తేల్చేశాడు. నేను ఉత్త కో-లీడర్‌ను, లీడర్ కింద ఉండేవాణ్ణి. గంటా నిమిషమూ ప్రకటిస్తే నవ్వుతారు.

తిరిగి రానివాడు మర్యాదగా చెప్పుకునే మాట తెలుగులో ఉందా?

జవాబు

"వెళ్లొస్తాను"ను మీరు హామీపత్రంలా చదువుతున్నారు, చిక్కంతా అక్కడే ఉంది. పక్కింటాయన గుమ్మం దిగుతూ "వస్తానండీ" అంటే, వస్తానన్నాడు కదా అని మనం కుర్చీ వేసి కూర్చోము. పోతున్నవాడే "వస్తాను" అంటాడు. తెలుగు కొత్తగా నేర్చుకునేవారిని ఈ ఒక్క మాట తికమక పెట్టినట్టు మరేదీ పెట్టదు.

కారణం మీకూ తెలిసిందే. "పోయాడు" అనే మాటను చావు ఆక్రమించుకుంది. అందుకే "పోతాను" అన్న పిల్లవాడి నోటి మీద ఒకటి వేసి "పోయొస్తాను అను" అని దిద్దేవారు. దీపం ఆరిపోయిందనకుండా కొండెక్కిందంటాము, బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాము. ఇదీ ఆ వరుసలోదే. "వెళ్లొస్తాను" అన్నవాడు ఇచ్చే మాట ఒక్కటే, నా వెళ్లడం "పోవడం" కాదని. తిరిగి వచ్చే తేదీ అందులో లేదు.

వినాయక చవితి ఉద్వాసనలో "శోభనార్థం పునరాగమనాయ చ" అని చదువుతాము. నీళ్లలో కరిగిన బొమ్మ మళ్లీ రాదు, వచ్చే ఏడు వేరే మట్టి. అయినా మళ్లీ రమ్మనే పంపుతాము. (అదే ఉద్వాసన ఉద్యోగాల దగ్గరికి వచ్చేసరికి మెడపట్టి గెంటడమైంది. మంగళం పాడటానికీ అదే గతి పట్టింది. శుభమైన ముగింపులన్నిటినీ మనం వెటకారానికి అప్పగించేశాము.)

మరో జవాబు

పై జవాబు బాగుంది కానీ "సెలవు"ను మీరిద్దరూ తేలిగ్గా వదిలేశారు. సెలవు అంటే అనుమతి. పెద్దలు మాట్లాడితే "సెలవిచ్చారు" అనడం ఆ వాసనతోనే. ఉత్తరాల్లో "ఇక సెలవు" అని ఏకపక్షంగా రాసీ రాసీ దాన్ని మనమే పాడుచేశాము. అసలు వాడుక "సెలవు ఇప్పించండి". అడిగాక ఆగాలి. అవతలివారు "మంచిది, వెళ్లి రండి" అనాలి. అప్పుడు కాలు కదలాలి. తమిళంలో ఇదే మాటకు ఖర్చు అని అర్థం. ఆరేళ్ల రాత్రులు ధారపోసినవారికి అదీ సరిపోతుందేమో!

వీడ్కోలులోనూ రెండు పక్షాలున్నాయి. పాత తెలుగులో వెళ్లేవాడు వీడుకొంటాడు, ఉండేవాడు వీడుకొలుపుతాడు. మనం రెండూ కలిపేసి "వీడ్కోలు పలికారు" అని ఊరుకున్నాము. పలికింది వెళ్లినవారా ఉన్నవారా అన్నది వాక్యం మొత్తం చదివితేగానీ తేలదు. సాగనంపడం, అంపకాలు అని పంపేవారికి చక్కని మాటలున్నాయి. వెళ్లేవారి మాటలే తక్కువ, ఎందుకంటే వెళ్లేవారు ఒంటరిగా చెప్పుకుని వెళ్లే పద్ధతి మనకు లేదు.

ఇంకో జవాబు

ఇంత శాస్త్రం అవసరమా? ఆట ముగిస్తే "జీజీ" అంటాము, బాగా ఆడావని. అదే రాసేయండి.

దానికి జవాబు

"జీజీ" ఒక్క ఆటకు. ఆరేళ్లకు సరిపోదు.

ఫోనులో తుపాకుల ఆట పబ్‌జీ ఆడిన మా జట్టు సంగతి చెబుతాను. 2020 సెప్టెంబరు 2న మరో 117 యాప్‌లతో కలిపి ఆ ఆటను మన ప్రభుత్వం నిషేధించింది. ఫోనులో ఉన్నవారికి ఇంకా కొన్నాళ్లు నడిచింది. అక్టోబరు 30తో సర్వర్లు ఆపేశారు. ఆ చివరి రాత్రి మేము నలుగురమూ దిగి, ఎవరినీ కాల్చకుండా నీటి ఒడ్డున నిలబడ్డాము. ఒకడు "కథ కంచికి, మనం ఇంటికి" అన్నాడు. అప్పటికే అందరమూ ఇళ్లలోనే ఉన్నాము, అది వేరే సంగతి. నేనేమో పెద్దమనిషిలా "ఇక సెలవు మిత్రులారా" అని వాట్సాప్‌లో రాశాను. కడపవాడు మాత్రం ఎప్పటిలాగే "వస్తానన్నా" అని మైకు కట్టేశాడు. 2021 జూలై 2న బీజీఎంఐ పేరుతో అదే ఆట మళ్లీ వచ్చింది. వాడూ వచ్చాడు. నా "ఇక సెలవు"ను ఫొటో తీసి దాచుకున్నాడట, ఇప్పటికీ నేను ఓడిన ప్రతిసారీ అదే పంపుతాడు.

అందుకని నా ఓటు "వస్తాను"కే. నిజమైతే నిజం, కాకపోతే మర్యాద.

మరో మాట

చిన్నప్పుడు ఆట మధ్యలో అమ్మ పిలిస్తే "తూచ్" అని అరిచి పరుగెత్తేవాళ్లము. ఆడింది లెక్కలోకి రాదని అర్థం. ఇక్కడ పనికిరాదు, తెలుసు. ఎవరూ ఎత్తలేదని గుర్తుచేశాను, అంతే.

ప్రశ్న అడిగిన నేనే

అందరికీ నమస్కారం. "సెలవు అడిగాక ఆగాలి" అన్న మాట దగ్గర నాకు మెలిక దొరికింది. మా ఆటలో బయటికి వెళ్లే బొత్తాం నొక్కితే, ఫలానావారు క్లాన్ విడిచారని చాట్‌లో ఆటే ఒక చిన్న వరుస వేసేస్తుంది. అంతటితో ఆ చాట్ మనకు మూసుకుపోతుంది. తర్వాత ఎవరు "వెళ్లి రా" అన్నా, ఎవరు తిట్టినా కనిపించదు. ఇన్నాళ్లూ అలా వెళ్లినవారికి మేము రాసినవేవీ వారు చదవలేదన్నమాట. ఈ సంగతి ఆరేళ్లలో ఒక్కసారీ తట్టలేదు.

అందుకే నిన్న రాత్రి బొత్తాం జోలికి పోకుండా, "పాప పుట్టింది. ఇక ఆడలేను. సెలవు ఇప్పించండి" అని రాసి ఫోను బోర్లించాను. పాప నిద్రపోయాక తీసి చూస్తే పంతొమ్మిది జవాబులున్నాయి. సగం మంది పాప పేరు అడిగారు. డాలస్ ఆయన తమ అబ్బాయి పుట్టినప్పుడు తానూ మానేసి నాలుగో నెలలో తిరిగొచ్చానని రాశారు. మా లీడర్‌ది అన్నిటికన్నా చిన్న జవాబు: "సెలవు మంజూరు కాలేదు. నడుస్తున్న యుద్ధంలో మీ దాడులు రెండూ మిగిలే ఉన్నాయి."

నిజమే. ఒక్కొక్కరికి రెండే దాడులు. మధ్యలో వదిలి వెళితే నా బదులు ఇంకెవరూ చేయలేరు. యుద్ధం ఈ రాత్రి 9:40కి ముగుస్తుంది. ఒక దాడి పొద్దున పాపను భుజాన వేసుకుని కొట్టాను, రెండు నక్షత్రాలు వచ్చాయి. ఇంకొకటి ఉంది.