పాత అండర్‌కోటింగ్‌ను మొత్తం తీసివేయాలా, ఊడిన చోట తీస్తే చాలునా?

ప్రశ్న:
తీరిక వేళల్లో బాగు చేసుకుంటున్న పాత కారును స్టాండ్ల మీదికి ఎత్తి అడుగుభాగం పరిశీలించాను. నేలరేకు అంతటా తారు వంటి నల్లని రక్షణ పూత (అండర్‌కోటింగ్) దట్టంగా ఉంది. అది చాలామేరకు గట్టిగానే అంటుకొని ఉన్నప్పటికీ, చక్రాల గూళ్ల వద్ద, తలుపుల కింది బాక్సు భాగాల అంచుల్లో మాత్రం ఉబ్బి పెచ్చులుగా ఊడి వస్తోంది, దాని వెనుక నుంచి తుప్పు రాలుతోంది. గ్రైండరుకు వైరు బ్రష్షు బిగించి ప్రయత్నిస్తే పూత వేడికి మెత్తబడి రేకంతా పులుముకున్నది. మొత్తం తీసివేయడం అవసరమా?

మొదటి జవాబు:
ముందుగా గ్రైండరు పక్కన పెట్టండి. పాతకాలపు పూతలలో కొన్నింటిలో, పీల్చితే ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ కలిసేది కనుక, అందులో ఏముందో తేలేవరకు పొడి దుమ్ము లేపడం మంచిది కాదు. స్క్రూడ్రైవరు పిడితో అంగుళం అంగుళం తట్టి చూడండి. డొల్లగా మోగిన చోట పూత రేకును వదిలేసిందని అర్థం. అటువంటి చోట సందులోకి చేరిన నీరు ఆరే దారి లేక నిలిచిపోతుంది కాబట్టి, ఏ పూతా లేని రేకు కంటే అదే త్వరగా పాడవుతుంది. హీట్ గన్‌తో పొగ రాని మేరకు వేడి చేసి స్క్రేపరుతో ఎత్తితే పెచ్చులుగానే వస్తుంది. గట్టిగా పట్టుకొని ఉన్న పూతను నేనైతే ముట్టుకోను.

రెండవ జవాబు:
పై సలహాతో చాలావరకు ఏకీభవిస్తాను, కానీ అతుకుల విషయంలో కాదు. రెండు రేకులు కలిసే చోట పూత గట్టిగా కనిపించినా తీసి చూడవలసిందే. తుప్పు తాను తిన్న ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనుక, స్పాట్ వెల్డింగుల (రేకులను చుక్కలు చుక్కలుగా అతికిన చోట్ల) మధ్య రేకులను విడదీసుకుంటూ పోతుంది. పైన పూసే రస్ట్ కన్వర్టర్, అంటే తుప్పును గట్టి పొరగా మార్చే రసాయనం, అంత లోపలికి చేరదు. స్క్రూడ్రైవరు మొనతో పొడిచినప్పుడు దిగబడితే, మంచి రేకు తగిలేవరకు కోసి కొత్త ముక్క వెల్డ్ చేయాలి. తుప్పు మీదే రేకు అతికించడం మరమ్మతు కాదు, దాచిపెట్టడం. జాకీ పెట్టే చోటు, సస్పెన్షన్ బిగింపులు బరువు మోసేవి కాబట్టి అక్కడ రాజీ పనికిరాదు. వెల్డింగుకు ముందు చుట్టుపక్కల పూతను, లోపలి కార్పెట్‌ను, పెట్రోలు ట్యాంకును, పైపులను తొలగించండి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనరుతో మాత్రం రేకు తుడవకండి. దాని ఆవిరి వెల్డింగు ఆర్క్ తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువుగా మారుతుంది.

ప్రశ్న వేసినవారు:
తట్టి చూశాను. బాక్సు భాగంలో రెండు చోట్ల మొన దిగింది. ఎవరో గతంలో పూత వేస్తూ నీరు కారే రంధ్రాలను కూడా మూసివేశారు!

మూడవ జవాబు:
అయితే తుప్పు లోపలి నుంచే మొదలై ఉండాలి. వెల్డింగ్ పూర్తయ్యాక శుభ్రమైన రేకుకు ఎపాక్సీ ప్రైమరు (రేకును గట్టిగా పట్టుకొనే తొలి పూత), దానిపై అతుకులకు సీమ్ సీలర్ (సందులు మూసే పేస్టు), ఆ తరువాతే కొత్త పూత వేయండి. కన్వర్టర్ వాడదలిస్తే డబ్బా మీది సూచనలు చదవండి, ఎందుకంటే ఆమ్లపు శేషం మిగిలిన రేకును చాలా ఎపాక్సీలు పట్టుకోవు. బాక్సు లోపలికి తుప్పు పట్టకుండా కాపాడే మైనపు ద్రవాన్ని సన్నని గొట్టంతో అన్నిటికంటే చివర కొట్టండి. ముందే కొడితే వెల్డింగ్ వేడికి అంటుకుంటుంది. అది కారడం ఆగాక, రంధ్రాలు మళ్లీ పూడుకోలేదని తీగ దూర్చి చూసుకోండి.