కాల్ రాలీకా, జడ్జ్‌కా? అమెరికా బేస్‌బాల్‌లో ఎంవీపీ (సీజన్ బెస్ట్ ప్లేయర్ అవార్డు) ఎవరికి ఇస్తారు (2025)

సియాటెల్_సీను:
ఇవాళ సెప్టెంబర్ 28తో రెగ్యులర్ సీజన్ ఖతం. ఎంవీపీకి ఓటేసే రైటర్లు ప్లేఆఫ్స్ (టైటిల్ కోసం ఆడే చివరి రౌండ్లు) మొదలవ్వకముందే బ్యాలట్ పంపేయాలి కాబట్టి అక్టోబర్‌లో ఎవడు ఎంత ఇరగదీసినా లెక్కలోకి రాదు. రెండు లీగ్‌లకీ వేరే వేరే ఎంవీపీ, అమెరికన్ లీగ్‌లో నా ఓటు కళ్ళు మూసుకుని మా సియాటెల్ మెరీనర్స్ రాలీకే. 60 హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) బాసూ, అదీ ఒక క్యాచర్, అంటే కీపర్! క్యాచర్లలో పాత రికార్డు సాల్వడార్ పెరెజ్‌ది 48, స్విచ్ హిట్టర్లలో (కుడి, ఎడమ రెండు వైపులా బ్యాటింగ్ చేసేవాళ్ళు) మాంటిల్ 1961లో కొట్టిన 54, మా మెరీనర్స్‌లో గ్రిఫీ 56, ఒక్క సీజన్‌లో అన్నీ దాటేశాడు. 60వది కొట్టిన రాత్రే డివిజన్ (లీగ్‌లో మా గ్రూప్) టైటిల్ కూడా మాదైపోయింది, 2001 తర్వాత మళ్ళీ ఇప్పుడే. బెల్‌వ్యూలో మా అపార్ట్‌మెంట్‌లో బేస్‌బాల్ అంటే ఏంటో తెలియనోళ్ళు కూడా రాలీ టీషర్టులు కొన్నారు. మీరేమంటారు?

జెర్సీ_సిటీ_రాజు:
సీనన్నా హోమ్ రన్లు ఒక్కటే చూస్తే ఎట్లా? మా యాంకీస్ జడ్జ్ బ్యాటింగ్ యావరేజ్ (ప్రయత్నాల్లో హిట్ల వాటా) 0.331, లీగ్‌లో బ్యాటింగ్ టైటిల్ వాడిదే, తర్వాతోళ్ళు 0.311 దగ్గరే ఆగిపోయారు, దానిపైన 53 హోమ్ రన్లు, అదీ మధ్యలో మోచేయి నొప్పితో కొన్నాళ్ళు బయట కూర్చుని. రాలీ యావరేజ్ 0.247. అసలు జడ్జ్‌కి బంతి వెయ్యడానికే భయపడి కావాలని వాక్ ఇచ్చి ఫస్ట్ బేస్‌కి పంపేస్తున్నారు, ఇంకేం ప్రూఫ్ కావాలి. మేమూ, మా డివిజన్‌లోనే ఉన్న బ్లూ జేస్ టీమూ ఇద్దరం 94 గెలుపులు, 68 ఓటముల దగ్గరే ఆగాం, ముఖాముఖిలో వాళ్ళు 8-5 కాబట్టి డివిజన్ వాళ్ళకి పోయింది, అది వేరే ఏడుపు.

సియాటెల్_సీను:
యావరేజ్ సంగతి ఒప్పుకుంటా తమ్ముడూ. కానీ క్యాచర్ పని ఏంటో ఒకసారి ఆలోచించు. మన క్రికెట్ కీపర్ లాంటోడే కానీ వీడు మోకాళ్ళ మీద కూర్చుని ప్రతి బంతికీ పిచర్ (బంతి వేసేవాడు) ఏం వెయ్యాలో కూడా చెప్పాలి, ఫౌల్ టిప్పులు (బ్యాట్ అంచుకి తగిలి వెనక్కొచ్చే బంతులు) భుజానికీ వేళ్ళకీ తగుల్తూనే ఉంటాయి, ఆగస్టు వచ్చేసరికి మామూలు క్యాచర్ బ్యాట్ ఎత్తడానికే ఆయాసపడతాడు. ఇవన్నీ చేస్తూ 60 కొట్టాడు. జడ్జ్ గొప్పోడు కాదని ఎవడన్నాడు, కానీ వాడి పని రైట్ ఫీల్డ్‌లో నిలబడటం, కొన్నాళ్ళయితే డీహెచ్ (ఫీల్డింగ్ లేకుండా బ్యాటింగ్) మాత్రమే.

క్వీన్స్_కుమార్:
మీకు అవార్డుల గొడవ, మాకు గుండెకోత. జూన్ 12న నేషనల్ లీగ్‌లో మా మెట్స్ 45 గెలుపులు, 24 ఓటములు, మొత్తం లీగ్‌లో బెస్ట్ రికార్డు, మా బ్యాటర్ సోటోకి 765 మిలియన్ డాలర్ల కాంట్రాక్ట్, చివరికి 83-79. ఆఖరి ప్లేఆఫ్ చోటుకి మాతో పోటీలో ఉన్న సిన్సినాటి ఇవాళ ఓడిపోయింది, మేం మయామీలో గెలిస్తే చాలు, ఆ ఒక్కటీ గెలవలేకపోయాం. ఇద్దరం సమానమే కానీ ముఖాముఖిలో వాళ్ళు పైన కాబట్టి వాళ్ళు లోపలికి. ఇదివరకైతే 162 మ్యాచ్‌ల తర్వాత టై తేల్చడానికి 163వ మ్యాచ్ పెట్టేవాళ్ళు, 2022 నుంచి అది తీసేశారు. ప్లేఆఫ్స్‌కి 12 టీమ్‌లని పిలుస్తున్నప్పుడు ఒక్కరోజు దొరకదా? అయినా జూన్ తర్వాత పిచింగ్ ఆ రేంజ్‌లో పడిపోయిన టీమ్‌కి 163వది ఇస్తే ఏం ఒరిగేది అని మా ఆవిడ అడిగింది, సమాధానం లేదు.

కొలంబస్_కిట్టు:
ఎవరూ క్లీవ్‌లాండ్ మాట ఎత్తరేంటి గురూ?? జూన్ చివర్నుంచి జులై మొదటి వారం దాకా వరసగా 10 మ్యాచ్‌లు ఓడి డెట్రాయిట్ కంటే 15.5 గేమ్‌లు (గెలుపోటముల తేడా లెక్కలో) వెనకుండి, పైగా క్లోజర్ (మ్యాచ్ చివర్లో వచ్చే పిచర్) క్లాసే బెట్టింగ్ విచారణలో సెలవు మీద బయటికిపోయాక, డివిజన్ కొట్టారు. 1914లో బోస్టన్ బ్రేవ్స్ పూడ్చిన గ్యాప్ 15, మా 15.5 కంటే ఎక్కువ ఇంతవరకూ ఎవడూ పూడ్చలేదు. సై యంగ్ (బెస్ట్ పిచర్ అవార్డు) మాత్రం డెట్రాయిట్ స్కూబల్‌కే, 2.21 ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఇచ్చిన రన్ల లెక్క, తక్కువైతే మంచిది), 241 స్ట్రైకౌట్లు, అందులో డౌట్ లేదు. నేషనల్ లీగ్‌లో స్కీన్స్, 1.97 ఈఆర్ఏతో కూడా 10 గెలుపులు 10 ఓటములు అంటే పిట్స్‌బర్గ్ బ్యాటర్లు ఎంత పాపం చేశారో చూడండి. ఎంవీపీ అక్కడ ఒటానీకే, 55 హోమ్ రన్లు కొట్టి మళ్ళీ బౌలింగ్ కూడా మొదలెట్టాడు.

ఇప్పుడు వైల్డ్ కార్డ్‌లో (ప్లేఆఫ్స్ మొదటి రౌండ్) మళ్ళీ ఆ డెట్రాయిటే మాకు ఎదురు, మూడింట్లో రెండు గెలిస్తే చాలు, అన్నీ మా గ్రౌండ్‌లోనే. కానీ మంగళవారం మొదటి మ్యాచ్‌కి స్కూబలే వస్తాడు, అదీ మధ్యాహ్నం ఒంటిగంటకి. నాకు సరిగ్గా అదే టైముకి ఆఫీసులో స్ప్రింట్ రివ్యూ మీటింగ్. కెమెరా ఆఫ్.